గిర్నీ ముందు డబ్బాల వరుస

మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనక సందులో ఉన్న గిర్నీకి బోర్డు మీద 'రామలింగయ్య పిండి గిర్నీ' అని రాసి ఉంటుంది. రామలింగయ్య పోయి చాలా ఏళ్లయింది. గిర్నీ నడిపేది ఆయన కోడలు స్వరూప. ఆడమనిషి నడిపే దుకాణానికి మగవాడి పేరుండడం మన దగ్గర వింతేమీ కాదు. ఇదేం వింత అని ఎవరైనా అడిగితే అడిగినవాళ్లనే వింతగా చూస్తారు. స్వరూప కూడా ఇన్నేళ్లలో అడగలేదు. ఆమెకు తలెత్తి బోర్డు చూసే తీరిక ఎక్కడిది?

ఆ గిర్నీ ముందు మనుషులు వరుసలో నిలబడరు, డబ్బాలు నిలబడతాయి. షట్టర్ లేవకముందే ఆడవాళ్లు వచ్చి, గోధుమల డబ్బానో శనగపప్పు డబ్బానో అంతకుముందున్న డబ్బా వెనక పెట్టి పనులు చూసుకోవడానికి పోతారు. ఒకరు కూరగాయలు కొంటారు, ఒకరు పిల్లల్ని బడిలో దింపి వస్తారు. సొట్టలు పడ్డ నూనె డబ్బా ఎవరిదో, మూతకు ఎర్రదారం కట్టిన పెయింటు బకెట్ ఎవరిదో స్వరూపకు మనుషుల ముఖాల కంటే బాగా గుర్తు. ఎవరి డబ్బాను ఇంకొకరు జరపకూడదు. ఆ గిర్నీకి ఉన్న కట్టుబాటు అదొక్కటే. రామలింగయ్య ఉన్న రోజుల్లో ఒక పెద్ద ఆఫీసరు గారి భార్య తన స్టీలు డబ్బాను ముందుకు జరిపితే, ఆయన ఏమీ అనకుండా దాన్ని ఎత్తుకెళ్లి వరుస చివర పెట్టి వచ్చాడట. ఈ ముచ్చట సందులో ఇప్పటికీ చెప్పుకుంటారు.

లోపల రెండు మిషన్లు ఉంటాయి. ఒకటి తెల్లవాటికి, అంటే బియ్యం, గోధుమలు, పప్పులు, రాగులకు. రెండోది కారానికీ పసుపుకూ. ఒక దాంట్లో పోసేది ఇంకొక దాంట్లో పోయరు. రాయి తిన్నదాన్ని అంత తొందరగా విడిచిపెట్టదు.

స్వరూప ఇబ్రహీంపట్నం వైపు పల్లె నుంచి కోడలిగా వచ్చినప్పుడు ఆ మిషన్ల చప్పుడుకు చెవులు మూసుకునేది. రామలింగయ్య కొడుకు ఎల్లేష్‌కు గిర్నీలో కూర్చోవడమంటే నామోషీ. బట్టలకు పిండి అంటుతుందట. ముసలాయన చూసి చూసి కోడలిని పిలిచి మిషన్ ముందు నిలబెట్టాడు. బెల్టు ఎక్కించడం, తొట్టిలో ఎంత పోయాలో చూడడం, రాళ్లు అరిగితే ఉలి తీసుకుని గాట్లు పెట్టడం అన్నీ నేర్పాడు. పెద్దది సాయిప్రియ కడుపులో ఉన్నప్పుడు కూడా ఆమె పీట వేసుకుని రాళ్లకు గాట్లు కొట్టింది. పుట్టాక ఆ పిల్లకు వెనక గదిలో చీర ఉయ్యాల కట్టింది. మిషన్ నడిచినంతసేపూ పిల్ల హాయిగా నిద్రపోయేది. కరెంటు పోయి చప్పుడు ఆగితే ఉలిక్కిపడి లేచి ఏడ్చేది. చిన్నది హారిక కూడా అదే ఉయ్యాలలో పెరిగింది. ఇప్పుడు మూడో తరగతి. గోధుమల బస్తా మీద బోర్లా పడుకుని హోంవర్క్ చేస్తుంది.

ఇక ఎల్లేష్‌ది ప్లాట్ల దందా. ఆ దందాకు ఆఫీసు సైదాబాద్ రోడ్డు మీది ఇరానీ హోటల్. ఇన్నేళ్లలో ఆయన ఎన్ని ప్లాట్లు అమ్మించాడో ఆ హోటల్ గోడలకే తెలియాలి. సాయంత్రం ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి గల్లా దగ్గర కూర్చుంటాడు. వచ్చిపోయేవాళ్లు ఆయనకే నమస్తే పెడతారు. "దుకాణం మంచిగ నడిపిస్తున్నవ్ భాయ్" అని ఆయన్నే మెచ్చుకుంటారు. ఆయన కాదనడు.

ఇంతవరకూ స్వరూప ఓర్చుకుంది. ఆమెకు ఒళ్లు మండేది ఇంకో సంగతికి. పిల్లకు దగ్గు వస్తే, "పిండి దుమ్ములో పెంచుతుంది, రాదా మరి" అనేవాళ్లు. పిల్లకు జ్వరమని ఒకపూట షట్టర్ దించితే, "నడిచే గిర్నీ మూసి కూచుంది" అనేవాళ్లు. ఇంట్లో ఉంటే దుకాణం పాడుచేసినట్టు, దుకాణంలో ఉంటే ఇల్లు పాడుచేసినట్టు! ఎల్లేష్ హోటల్లో కూర్చున్నందుకు ఏ పిల్లకు దగ్గు వచ్చిందని ఎవరూ అనలేదు. పోయిన దీపావళి నుంచి ఆయన కొత్త పాట మొదలుపెట్టాడు. ఈ షట్టర్‌ను సెల్‌ఫోన్ దుకాణానికి కిరాయికి ఇచ్చేద్దాం, నువ్వు ఇంట్లో కూర్చుని పిల్లలను చూసుకో అని. షట్టర్ ఆయన పేరు మీదే ఉంది. స్వరూప మాత్రం ఒకటే మాట చెప్పింది.

"నేను బతికుండంగ అది గాదు."

ఇదంతా మిరపకాయల కాలంలో ముదిరింది. ఆ ఏడు రంజాన్ నెల కూడా అప్పుడే వచ్చింది. తెలుగిళ్ల నుంచి ఏడాదికి సరిపడా మిరపకాయలు, తురక ఇళ్ల నుంచి హలీమ్ గోధుమలు, ఇఫ్తార్ పకోడీలకు శనగపప్పు. డబ్బాల వరుస సందు మలుపు దాకా పోయింది. ఆ వరుసలో దబీర్‌పురా షౌకత్ బీ డబ్బా కూడా ఉంది. మధ్యలో ఎన్ని గిర్నీలున్నా వాటిని దాటుకుని రామలింగయ్య కాలం నుంచీ ఇక్కడికే వచ్చే ముసలమ్మ. ఆ రోజు ఆమె తెచ్చింది వేయించిన రాగులు. మనవరాలు మహీన్‌కు పుట్టిన పసిదానికి జావ పట్టడం మొదలుపెడుతున్నారు.

"పిల్లకు మొదటి ముద్ద, మంచిగ మెత్తగ పట్టు బేటీ" అని చెప్పి, డబ్బా వరుసలో పెట్టి నమాజుకు వేళవుతోందని పోయింది.

ఆ డబ్బా వంతు దగ్గర పడుతుండగా స్వరూప ఫోను మోగింది. సైదాబాద్‌లోని బడి నుంచి. పదో తరగతి చదివే సాయిప్రియ ప్రీఫైనల్ పరీక్ష రాస్తూ కళ్లు తిరిగి పడిపోయిందట. ముందు తండ్రికే చేశారట, ఆయన ఎత్తలేదట. స్వరూప చేస్తే మాత్రం ఎత్తాడు. ఎన్నిసార్లు చేస్తే ఎత్తాడో అడగకండి. హోటల్ నుంచి విసుక్కుంటూ వచ్చిన మనిషిని మిషన్ల ముందు నిలబెట్టి ఆమె ఒక్కో వేలు చూపించి చెప్పింది.

"తెల్లయి ఇండ్ల, కారం అండ్ల. డబ్బాలు వరుస తప్పొద్దు. గంటల వస్త."

"నాకు చెప్తున్నవా? మా బాపు గిర్నీ ఇది."

బడిలో సాయిప్రియ బెంచీ మీద పడుకుని ఉంది. పొద్దున ఏమీ తినలేదట. అమ్మ షట్టర్ ఎత్తడానికి తొందరగా దిగిపోయింది, నానమ్మ పడుకుని ఉంది, నాన్న సంగతి సరేసరి. టీచరమ్మ స్వరూప చేతులకున్న పిండినీ, కొంగుకున్న కారం మరకనూ చూసి, "ఇంట్లో పట్టించుకునేవాళ్లు లేరా అమ్మా?" అంది. ఆ మాటతో స్వరూప ముఖం మాడిపోయింది. ఉన్నారు మేడం, అందరూ ఉన్నారు, పట్టించుకోవాల్సింది నేనొక్కదాన్నే అని నాలుక చివరిదాకా వచ్చింది. పిల్లను ఆటోలో గిర్నీ పైనున్న ఇంటికి తెచ్చి, పెరుగన్నం కలిపి దగ్గర కూర్చుని తినిపించింది.

"తల్లి ఇంట్ల ఉంటే పిల్లకు గిట్లయితదా?" అంది అత్త ఆగమ్మ, మంచం మీద మోకాళ్లు రుద్దుకుంటూ.

కిందికి దిగి వచ్చేసరికి ఎల్లేష్ సగం షట్టర్ దించి వెళ్లిపోయాడు. రాగుల డబ్బా వరుసలో లేదు, పిండి పట్టించుకుని తీసుకుపోయినట్టున్నారు. పోనీలే, ఒక పనైనా చేశాడనుకుంది స్వరూప.

మర్నాడు పొద్దున్నే షౌకత్ బీ వచ్చింది. వచ్చీ రాగానే చేతిలోని డబ్బాను గిర్నీ గడప మీద విసిరికొట్టింది. మూత ఊడి రాగిపిండి నేలంతా పడింది.

"చూడు! నాకి చూడు! పసిదాని నోట్లె పెట్టినం గిది! పిల్ల గుక్కపట్టి ఏడ్చింది, ముఖమంత ఎర్రగయింది, కక్కింది. దవాఖానకు ఉరికినం. మహీన్ ఇంక ఏడుస్తనే ఉన్నది!"

స్వరూప గబగబా గడప దగ్గరికి వచ్చింది. "పిల్ల ఎట్లున్నది ఖాలా?" అని అడిగింది.

"అల్లా దయ, బాగున్నది. నీ దయ గాదు!"

స్వరూప వంగి చిటికెడు పిండి నోట్లో వేసుకుంది. నాలుక చురుక్కుమంది. రాగిపిండి రంగులో కారం ఎవరి కంటికీ కనబడదు. గిర్నీలో కారం ఘాటు ఎప్పుడూ ఉండేదే కాబట్టి ముక్కుకూ తెలియదు. ఆమె తెల్ల మిషన్ దగ్గరికి పోయి పిండి రాలే గుడ్డను మడత విప్పి చూసింది. మడతలో ఎర్రటి పొడి ఉంది. తెల్ల మిషన్‌లో ఎవరో మిరపకాయలు పోశారు. ఆ ఎవరో ఎవరో చెప్పడానికి పంచాంగం చూడాల్సిన పనిలేదు.

గొడవ విని సందులో ఆడవాళ్లు పోగయ్యారు. పైనుంచి ఆగమ్మ దిగింది. హోటల్‌కు బయలుదేరుతున్న ఎల్లేష్ కూడా వచ్చి నిలబడ్డాడు. స్వరూప ఆయన వైపు చూసింది. ఆయన ఆమె వైపు చూడలేదు. షౌకత్ బీతో అన్నాడు:

"మాఫ్ చెయ్యి ఖాలా. మా పెద్దపిల్ల బడిల పడిపోయిందని మా ఆమెకు నిన్న ఒకటే ఫికర్. ఆ పరేషాన్ల చూసుకోలే."

ఎంత నున్నగా చెప్పాడు! స్వరూప నోరు తెరిచింది. అంతలో అత్త చేయి ఆమె మణికట్టును గట్టిగా పట్టుకుంది.

"నలుగుర్ల వాని ఇజ్జత్ తియ్యకు బిడ్డా. నీ కాల్మొక్కుత" అంది ఆగమ్మ, ఆమెకు మాత్రమే వినబడేలా.

కడుపుకు అన్నం పెట్టే చేతులు ఎవరివైనా, ఇంటి పరువు మాత్రం మగవాడి చొక్కా జేబులోనే ఉంటుందని మన ఆడవాళ్లకు పుట్టినప్పటి నుంచీ నూరిపోస్తారు. స్వరూప కూడా అది తాగి పెరిగిందే. చేయకూడని తప్పు ఆ క్షణాన చేసింది. రెండు చేతులూ జోడించి, "తప్పయింది ఖాలా" అంది.

"రోజా ఉపాసమున్న నోటితోని అంటున్న," అంది షౌకత్ బీ వేలు చూపిస్తూ. "నీ చేతికి ఇంక ఏ పిల్ల బువ్వా అప్పజెప్పొద్దు. ఈ గిర్నీ మన్నుల కలువ!"

మర్నాటి నుంచి గిర్నీ ముందు డబ్బాలు రాలేదు. ఒకటీ అరా తెలియనివాళ్లు వచ్చినా, పక్కింటివాళ్లు చెవిలో ఏదో చెబితే ఎత్తుకుని పోయారు. నిండు సీజన్‌లో గడప ముందు ఖాళీ నేల కనబడుతుంటే స్వరూపకు అన్నం దిగలేదు. ఆ సందులో ఎన్నేళ్లుగానో తన చేతి పిండి తిన్న ఇళ్లలో ఒక్క మనిషి కూడా, ఏం జరిగింది స్వరూపా, అని అడగలేదు. వాళ్ల మీదా కోపం వచ్చింది. అందరికంటే ఎక్కువగా, జోడించిన తన రెండు చేతుల మీద కోపం వచ్చింది.

ఆ వారంలోనే ఎల్లేష్ ఒక కుర్రవాడిని వెంటబెట్టుకుని వచ్చాడు. పేరు వివేక్, సెల్‌ఫోన్ దుకాణం పెడతాడట. ఆ పిల్లవాడు టేపు తీసి షట్టర్ వెడల్పు కొలిచాడు. మిషన్లు ఎప్పుడు తీసేస్తారని మర్యాదగానే అడిగాడు.

"ఆదివారం రా భాయ్, మాట ఖాయం చేసుకుందాం" అన్నాడు ఎల్లేష్. వివేక్ వెళ్లాక భార్య వైపు తిరిగాడు. "ఇంకేం నడుస్తదే ఇది? ఒక్క డబ్బా వస్తలేదు. ఇగనన్న ఇంట్ల కూసొని పిల్లల్ని సూస్కో."

స్వరూప చేతిలోని చీపురు పడేసింది.

"తెల్ల మిషన్ల మిరపకాయలు ఎందుకు పోసినవ్?"

"ఏంది?"

"ఎవరియి అవి?"

ఎల్లేష్ చొక్కాకు అంటిన పిండి దులుపుకున్నాడు. "సాగర్‌గానియి. వానికి హోటల్ల తొందరుండె. కారం మిషన్ నిండ వేరేవాళ్లయి ఉన్నయి. రాగుల డబ్బా పక్కకు జరిపి వానియి తెల్లదాంట్ల పోసిన. తర్వాత రాగులు పోసిన. ఏమయితదనుకున్నవ్, ఇంత కొంచెం రాయికి అంటితే?"

"పక్కకు జరిపినవా? పసిపిల్ల డబ్బా పక్కకు జరిపి నీ దోస్తువి పోసినవా?"

"నాకేం తెలుసు రాయి పట్టుకుంటదని? నువ్వు చెప్పినవా?"

"నీ బాపు గిర్నీ గదా! నీకు నేను చెప్పాల్నా?" స్వరూప గొంతు మిషన్ నడుస్తున్నప్పుడు పెట్టే గొంతయింది. "నీ పిల్ల బడిల పడిపోతే నీకు ఫోన్ ఎత్త చాతకాలే. గంటసేపు గిర్నీ చూడ చాతకాలే. చేసిన తప్పు నాదని ఒప్పుకొన చాతకాలే. నా మీద యెయ్య మాత్రం మంచిగ చాతనయింది! ఇప్పుడు నేను చేయని తప్పుకు నా గిర్నీ మూస్తవా?"

"లొల్లి చెయ్యకు. పైన అమ్మ ఉన్నది."

"ఇననియ్యి. ఆమె చెప్తెనే గద నేను చేతులు జోడించిన!"

ఆమె షట్టర్ కూడా దించలేదు. అలాగే, పిండి చేతులతోనే నడుచుకుంటూ దబీర్‌పురా పోయింది. స్టేషన్ దగ్గర రైలు గేటు పడి ఉంటే దాని ముందు నిలబడి కూడా ఊపిరి బుసకొడుతూనే ఉంది. షౌకత్ బీ ఇంట్లో ఇఫ్తార్ కోసం పండ్లు కోస్తున్నారు. మహీన్ ఒడిలో పసిది చేతులాడిస్తూ నవ్వుతోంది. ఆ నవ్వు చూసి స్వరూపకు గుండె కాస్త కుదుటపడింది. గడప అవతలే నిలబడి, ఒక్క మాట దాచకుండా జరిగింది చెప్పేసింది. మొగుడు డబ్బా జరపడం, సాగర్ మిరపకాయలు, అత్త మణికట్టు పట్టుకోవడం, తాను చేతులు జోడించడం.

షౌకత్ బీ కత్తి కింద పెట్టింది. ఓదార్పు మాట వస్తుందని స్వరూప అనుకుందో లేదో గానీ, రాలేదు.

"మరి ఆ రోజు నోట్లె ఏం పెట్టుకున్నవ్?" అని అరిచింది ముసలమ్మ. "రోజా ఉండి నిన్ను తిట్టిన! గిర్నీ మన్నుల కలువమన్న! తప్పు చేయనిదానికి నాతోని శాపం పెట్టిచ్చినవ్. ఆ గునా, ఆ పాపం ఎవరి మీద ఏసుకోవాలె? నీ మొగని ఇజ్జత్ కొరకు నా రోజా ఖరాబ్ చేస్తవా?"

"తప్పయింది ఖాలా. ఈసారి నిజంగ నాదే."

"నేను మాఫ్ చెయ్య. పో."

మహీన్ ఏదో అనబోయింది. ముసలమ్మ ఆమెను చేత్తోనే ఆపేసింది. స్వరూప వచ్చిన దారినే తిరిగి నడిచింది. నిజం చెప్పినందుకు మనసు తేలికపడుతుందని అంటారు గానీ, ఆమెకేం తేలిక పడలేదు. ఆదివారం దగ్గరికొస్తోంది. ఆ రెండు రాత్రులూ ఎల్లేష్‌తో మాట్లాడలేదు. పిల్లలకు మాత్రం పొద్దున దగ్గర కూర్చుని తినిపించి పంపింది.

ఆదివారం పొద్దున స్వరూప మెట్లు దిగి సందులోకి వచ్చి ఆగిపోయింది. దించి ఉన్న షట్టర్‌కు ఆనించి ఒక డబ్బా ఉంది. దాని వెనక ఇంకొకటి. పెయింటు బకెట్లు, సొట్టల నూనె డబ్బాలు, మూతకు ఎర్రదారం కట్టినది, స్టీలువి, ప్లాస్టిక్‌వి, ఒకదాని వెనక ఒకటి సందు మలుపు దాటి మార్కెట్ దాకా పోయాయి. మనిషన్నవాడు ఒక్కడు లేడు. పెట్టిపోయారు, ఎప్పటిలాగే. షట్టర్‌ను ఆనుకుని ఉన్న మొదటి డబ్బా అంచు నొక్కుకుపోయి ఉంది. గడప మీద విసిరికొట్టిన రోజు పడ్డ నొక్కు అది.

స్వరూపకు ఆనందం కలిగిందని రాస్తే అబద్ధమవుతుంది. ముందు ఆమెకు కోపమే వచ్చింది. ఇన్నాళ్లూ ఎక్కడ పోయారు వీళ్లంతా? ఒక ముసలమ్మ ఇల్లిల్లూ తిరిగి చెబితే తప్ప అడగాలని తోచలేదా? అయినా కళ్లు తుడుచుకుంది.

షట్టర్ ఎత్తబోతుంటే ఎల్లేష్ వచ్చాడు, ఇస్త్రీ చొక్కాతో. వెనక వివేక్. వరుస చూసి వివేక్ బండి మలుపులోనే ఆపి, డబ్బాల పక్కనుంచి ఒదిగి ఒదిగి నడిచి వచ్చాడు.

"ఇదేందన్నా, గిర్నీ బంద్ అన్నవు?" అన్నాడు.

"ఏం లేదు, జరుపుదాం" అని ఎల్లేష్ వంగి మొదటి డబ్బా మీద చేయి వేశాడు.

"ముట్టకు!"

ఆ అరుపుకు మార్కెట్‌లో తూకం వేసేవాళ్లు కూడా తలలు తిప్పారు. పై మెట్ల మీదికి ఆగమ్మ వచ్చింది. అటూ ఇటూ ఇళ్ల తలుపులు తెరుచుకున్నాయి.

"ఒక్కసారి జరిపినవ్, ఒక పసిపిల్ల నోరు మండింది. నువ్వు జరిపినవ్, నేను గాదు! సాగర్ మిరపకాయలు తెల్ల మిషన్ల పోసింది నువ్వు! ఇంకోసారి ఈ గడప ముంగట ఏ డబ్బా మీద నీ చెయ్యి పడనియ్య!"

ఎల్లేష్ చేయి డబ్బా మీదే ఉండిపోయింది. తలెత్తి మెట్ల వైపు చూశాడు. "అమ్మా, చెప్పవే దీనికి. నలుగుర్ల నా ఇజ్జత్ తీస్తున్నది."

ఆగమ్మ ఈసారి కిందికి దిగలేదు. ఎవరి మణికట్టూ పట్టుకోలేదు. కొడుకుతో, "చెయ్యి తీయ్‌రా" అని లోపలికి పోయింది.

వివేక్ మెల్లగా, "మళ్లొస్త అన్నా" అని బండి వైపు నడిచాడు. మళ్లీ రాలేదు. ఎల్లేష్ హోటల్ వైపు పోయాడు. ఆయన పోవడం స్వరూప చూడలేదు. అప్పటికే షట్టర్ ఎత్తి, నొక్కు పడ్డ డబ్బాను లోపలికి తెచ్చుకుంది. హలీమ్ గోధుమలో, శనగపప్పో అనుకుంటూ మూత తీసింది.

వేయించిన రాగులు.

మాఫ్ చెయ్య, పో అన్న మనిషి ఆ పసిదాని జావకే మళ్లీ రాగులు పంపింది. స్వరూప డబ్బా పక్కన పెట్టి, తెల్ల మిషన్ గుడ్డ విప్పి దులిపింది. నాలుగు రోజుల కింద ఉతికిన గుడ్డను మళ్లీ మడతమడతా చూసింది. తొట్టిలో పిడికెడు బియ్యం పోసి మిషన్ ఆన్ చేసింది. వచ్చిన పిండిని నాలుక మీద వేసుకుంది. కారం లేదు. ఇంకో పిడికెడు బియ్యం పోసింది.